ఆటల డబ్బాలకు అత్తమ్మ పెట్టిన బొట్లు

జర్మనీలో ఏ కాగితం నింపినా 'వృత్తి' అని ఒక గడి ఉంటుంది. వచ్చిన కొత్తలో మొదలుపెట్టి నాలుగేళ్లపాటు ఆ గడిలో నేను 'హౌస్‌ఫ్రావ్', అంటే గృహిణి అని రాస్తూ వచ్చాను. ఇల్లు నడపడం చిన్న పనేమీ కాదు. అయినా వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీని ఆరేళ్లు ఒంటిచేత్తో నడిపినదాన్ని, ఆ మాట రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా ఆయనకు బ్లూ కార్డు వీసా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టీము, మీటింగులు ఉన్నాయి. నాకు ఆయన టిఫిన్ డబ్బా సర్దడం ఉంది. భాష నేర్చుకుని, పరీక్షలు రాసి, నా డిగ్రీ ఇక్కడ చెల్లుతుందని ఒక కాగితం సంపాదించేసరికి నాలుగేళ్లు గడిచాయి. ఆఖరికి లైప్‌జిగ్‌లో మా ఇంటికి నాలుగు ట్రామ్ స్టాపుల దూరంలో ఒక చిన్న బ్రాంచి లైబ్రరీలో సగం పూట పని దొరికింది. జనవరిలో చేరాను. ఆరు నెలలు ప్రోబెట్‌సైట్, అంటే పరీక్షాకాలం. జూన్ ఆఖరున మా బాస్ నా మీద రిపోర్టు రాస్తుంది. బాగా రాస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఆ గడిలో మళ్లీ పాత మాటే.

మా బాస్ అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టి తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. పెన్సిలు చెక్కిన తీరు చూసి మనిషిని అంచనా వేసే రకం. ఆవిడకి నేను నచ్చానో లేదో మొహం చూసి చెప్పడం కష్టం, పైగా మార్చి తర్వాత సగం మొహం మాస్కులోకి వెళ్లిపోయింది.

మార్చిలో కరోనా వచ్చి లైబ్రరీ మూతపడింది. ఏప్రిల్‌లో పైనుంచి కొత్త ఏర్పాటు వచ్చింది. జనం లోపలికి రాకూడదు, ఫోన్ చేసి ఏం కావాలో చెప్పాలి, మేం సంచిలో కట్టి కిటికీ దగ్గర పెట్టాలి. పుస్తకాలతో ఇబ్బంది లేదు. చిక్కంతా వీడియో గేములతో వచ్చింది. మా బ్రాంచిలో అవి నాలుగువందల పైచిలుకు ఉన్నాయి. ఏ మిషన్‌లో ఆడాలో దాన్నిబట్టి, ఆపైన అక్షరక్రమంలో పెట్టి ఉన్నాయి. లోపలికి వచ్చి డబ్బా మీది బొమ్మ చూసి ఎంచుకునేవాళ్లకి అది సరిపోయేది. ఫోన్ చేసి "మా వాడికి బుర్రకి పనిపెట్టేది ఏదైనా ఇవ్వండి, కానీ చంపుకోవడాలు వద్దు" అనేవాళ్లకి మాత్రం సరిపోదు.

"వీటిని రకాలవారీగా విడదీయండి" అంటూ బాస్ ఒక పట్టిక నా చేతిలో పెట్టింది. "మే మొదటి వారానికి కావాలి. మీ రిపోర్టులో నేను ముఖ్యంగా చూసేది ఈ పనినే."

పట్టికలో పన్నెండు రకాలున్నాయి. యాక్షన్, అడ్వెంచర్, రోల్ ప్లే, స్ట్రాటజీ, సిమ్యులేషన్, రేసింగ్, పజిల్, అలా. నేను పుట్టి బుద్ధెరిగాక వీడియో గేము ఆడలేదు. ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వర్గీకరణ తెలిసినదానికి సరుకు ఏదైతేనేం అని ధీమా. బియ్యమైనా బెండకాయలైనా అరల్లో సర్దేస్తాననుకున్నాను.

అట్టపెట్టెల నిండా గేములు, వాటితోపాటు లైబ్రరీ పాత గేమ్ మిషన్ ఒకటి ఇంటికి వచ్చాయి. మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మా ఆయన పొద్దున తొమ్మిదింటికి హెడ్‌సెట్ పెట్టుకుని తలుపు మూసుకునేవాడు. రెండో గదిలో నేనూ, మా అత్తమ్మా. ఆవిడ జగిత్యాల నుంచి ఫిబ్రవరిలో మూడు నెలలుండి పోదామని వచ్చింది. విమానాలు ఆగిపోయి ఇక్కడే ఇరుక్కుపోయింది. మా మధ్య పోట్లాటల్లేవు, అలాగని చనువూ లేదు. "తిన్నవా బిడ్డా" అని ఆవిడ, "తిన్న అత్తమ్మా" అని నేను. ఏడేళ్ల కాపురంలో మా మాటలు దాదాపు అంతే.

మొదటి గేము పెట్టాను. కత్తి పట్టుకున్నవాడు ఒకడు గుర్రం మీద పోతున్నాడు. దిగి గోడలెక్కాడు, తాళంచెవి వెతికాడు, ఒకడిని నరికాడు, ఆపైన చెరువులో చేపలు పట్టాడు. ఇది ఏ రకం? డబ్బా వెనక యాక్షన్ అని ఉంది. ఇంటర్నెట్‌లో రోల్ ప్లే అని ఉంది. టీ కోసం బయటికొచ్చిన మా ఆయనను అడిగాను.

"యాక్షన్ అడ్వెంచర్" అన్నాడు చూడకుండానే. "కాకపోతే ఆర్పీజీ ఎలిమెంట్స్ గూడ ఉంటయి. ఓపెన్ వరల్డ్ గద."

"అయితే నేను ఏ అరల పెట్టాలె?"

"డిపెండ్స్" అని టీ కప్పు తీసుకుని లోపలికి పోయాడు.

మూడు రోజుల్లో పదకొండు గేములు సర్దాను. వాటిలో ఆరింటిని రెండేసిసార్లు మార్చాను. పుస్తకానికి ఒక విషయం ఉంటుంది, ఒక అర దొరుకుతుంది. ఈ గేములు మాత్రం ఎక్కడ పెట్టినా పక్క అరలోకి కాలు చాపేవి. నా ఆరేళ్ల అనుభవం, నా డిగ్రీ, నా ధీమా అన్నీ సోఫా మీద నాతోపాటు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాయి.

నాలుగో రోజు అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒక డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పింది. డబ్బా మూలన ఉన్న రంగు గుర్తు మీద వేలు పెట్టి, "పచ్చగున్నది శాకాహారం, ఎర్రగున్నది మాంసమా?" అంది. మన బిస్కెట్ ప్యాకెట్ల మీద చుక్కలు చూసిన అలవాటు.

"కాదత్తమ్మా, ఏ వయసోళ్లు ఆడచ్చో చెప్పే గుర్తు అది. ఎర్రది పద్దెనిమిదేండ్లు నిండినోళ్లకు."

"అయితే నేను అన్ని ఆడచ్చు" అని చెయ్యి చాపింది. "ఇటియ్యి."

నవ్వుతూ ఇచ్చాను. తెర మీద ఒక బొద్దువాడు ఇటుక మీంచి ఇటుక మీదికి దూకాలి. ఆవిడ చేతిలో వాడు ఎనిమిదిసార్లు గుంటలో పడ్డాడు. తొమ్మిదోసారి నాలుగు ఇటుకలు దాటాడు. అత్తమ్మ పైట సర్దుకుని ముందుకు జరిగింది.

"గిది తొక్కుడుబిళ్ల గద బిడ్డా" అంది. "గీత మీద కాలు పడితే ఔటు. మళ్ల మొదటిసంది రావాలె."

"వాడు రాకుమారిని వెతకబోతున్నడత్తమ్మా. అడ్వెంచర్ అని రాసిన్రు."

"వాడు ఏడికన్న పోనీ. ఆడేటోళ్లు ఏం చేస్తున్నరు? దుంకుతున్నరు. ఓడితే ఏమైతది? వెనుకకు పోతరు. తొక్కుడుబిళ్లనే."

ఆ మాటతో నా చేతిలోని పట్టిక నాకే కొత్తగా కనిపించింది. గేము దేని గురించి అని నేను చూస్తున్నాను, పుస్తకం చూసినట్టు. ఆవిడ ఆడేవాళ్ల చేతులు చూస్తోంది. ఆ తర్వాత ప్రతి గేముకూ ఆవిడవి రెండే ప్రశ్నలు. ఏం చేస్తున్నరు? ఓడితే ఏమైతది?

రాక్షసి నుంచి బీరువాలో దాక్కోవాల్సిన గేమొకటి చూసి నేను కళ్లు మూసుకున్నాను. ఆవిడ మాత్రం "దాగుడుమూతలు" అంది తాపీగా. కాసేపటికి, కాపలావాళ్ల కళ్లు గప్పి ఉడుత పండ్లెత్తుకుపోయే చిన్నపిల్లల గేము పెడితే అదీ దాగుడుమూతలేనంది. పట్టికలో ఆ రెండూ ఒకదానికొకటి ముఖం చూసుకోనంత దూరంలో ఉన్నాయి. తుపాకీ గేములన్నీ గోటీలాట, అదే గోలీలు, గురి తప్ప ఇంకేం లేదట. ఒకవైపు బలమున్నవాడొక్కడూ ఇంకోవైపు బలం లేనివాళ్లు పదిమందీ ఉంటే పులి-మేక. ఇల్లు అలంకరించి, బొమ్మలకు బట్టలు తొడిగి, విందులు పెట్టేవి బొమ్మల పెండ్లి. గింజలు కూడబెట్టి, పంచి, మళ్లీ కూడబెట్టేవి ఓమనగుంటలు. మీ దిక్కు వామనగుంటలంటారేమో. అందులో ఊళ్లు కట్టే గేములు, బేకరీలు, ఆఖరికి కొన్ని యుద్ధాలు కూడా పడ్డాయి. గవ్వలు పడ్డ తీరునుబట్టి సాగేవి పచ్చీసు. మరి ఆ గుర్రం మీది కత్తివాడు? అరగంట చూసి, "ఇది ఆటనే గాదు. ఒగ్గుకథ. వానికి తొందర లేదు, మనకుండద్దు" అంది. దానికి 'కథ' అని పేరు పెట్టాం.

ఆ మూడు వారాలు మా ఇల్లు ఇల్లుగా లేదు. పొద్దున పోపు వేసి అన్నం వండేసి ఇద్దరం తెర ముందు కూర్చునేవాళ్లం. పులి-మేక రకంలో అత్తమ్మ ఎప్పుడూ మేకల వైపే. ఒకసారి చుట్టుముట్టి గెలిచి, "సచ్చినవ్ తీ" అని అరిచిన అరుపుకు మా ఆయన మీటింగు మధ్యలో బయటికొచ్చాడు. ఏం జరిగిందని అవతలివాళ్లు అడిగితే "మై మదర్ ఈజ్ వర్కింగ్" అన్నాడట. ఎంత నవ్వుకున్నామో. ఏడేళ్లలో ఆవిడతో అంత నవ్వడం అదే మొదలు.

పని ఇలా సాగేది. ఆవిడ రకం చెప్పాలి, దాన్నిబట్టి నేను పట్టికలో ఏ గడి దగ్గరో చూసి కంప్యూటర్‌లో ఎక్కించాలి. మూడో వారం చివర ఒకరోజు, డబ్బాలు కలిసిపోకుండా ఎర్రటి గుండ్రటి స్టిక్కర్ల చుట్ట ఒకటి ఆవిడకిచ్చాను. "రకం మొదటక్షరం రాసి వెనకదిక్కు అతికించుండ్రి" అన్నాను. తొక్కుడుబిళ్లకు 'తొ', దాగుడుమూతలకు 'దా', ఓమనగుంటలకు 'ఓ'. ఎక్కించడం అయ్యాక స్టిక్కర్లు పీకేస్తే సరి.

సాయంత్రం చూద్దును కదా, అన్నీ ముందువైపే ఉన్నాయి, అదీ సరిగ్గా బొమ్మలోని మనిషి నుదుటి మీద. తుపాకీ పట్టుకున్న సైనికుడికి బొట్టు. రాక్షసికి బొట్టు. రేసు కారుకు అద్దం మధ్యలో బొట్టు.

"కొత్త సామాను ఇంట్లకొస్తే బొట్టు పెట్టకుంటే ఎట్ల బిడ్డా?" అంది అత్తమ్మ. మా ఫ్రిజ్జుకూ, వాషింగ్ మిషన్‌కూ వచ్చిన మర్నాడే పసుపూ కుంకుమా పెట్టిన మనిషి. ముచ్చటేసి ఫొటో తీసుకున్నాను. పీకేవే కదా అనుకున్నాను.

అప్పుడే బాస్ ఫోన్ చేసింది. సంచుల పని వారం ముందే మొదలవుతోంది, రేపు ఉదయం వ్యాన్ వస్తుంది, గేములన్నీ పంపండి అని. కూర్చుని జాబితా మొత్తం పూర్తిచేశాను. మర్నాడు పొద్దున స్టిక్కర్లు తీద్దామనుకుంటే, ఆ పొద్దునే అత్తమ్మ వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ ఉంది. ఐదు వారాలు ఎదురుచూసిన టెర్మిన్, వదులుకుంటే మళ్లీ దొరకదు. ఇద్దరం ట్రామెక్కాం. వీసా ముద్ర పడింది. తిరుగు ట్రామ్‌లో మా ఆయన మెసేజ్ వచ్చింది: వ్యాన్ వచ్చింది, అన్ని డబ్బాలు నేనే ఎక్కించిన. పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. బొట్లతో సహా పోయాయన్నమాట.

బాస్‌కు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఏప్రిల్ ఆఖరు, పరీక్షాకాలం ఇంకా రెండు నెలలుంది, నోరు రాలేదు. సంచుల్లో పోతాయి, తిరిగొచ్చాక ఎలాగూ మూడు రోజులు వేరే అరలో పెట్టి ఉంచుతాం, అప్పుడు మెల్లగా పీకేద్దామని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండో వారంలో నేను ఫోన్ దగ్గరున్న పూట ఒకాయన చేశాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పెద్దదానికి యుద్ధాలు కావాలి, చిన్నదానికి వంటలు కావాలి, ఇల్లంతా గోల. "పోయినసారి సంచిలో రెండింటి మీద నత్త గుర్తుంది. ఒకటి కోట గేము, ఒకటి బేకరీ. మా వాళ్లిద్దరూ రెండూ ఆడారు, కొట్టుకోలేదు. ఇంకా నత్తలుంటే ఇస్తారా?" అన్నాడు. నత్త అంటే మన 'ఓ'. నాకు నవ్వాగలేదు. వెతికి మూడు నత్తలు కట్టి పెట్టాను. ఆ వారంలోనే ఇంకొకావిడ 'మీసాల' గుర్తువి అడిగింది, అవి గోటీలాటలు. పీకేయాలన్న సంగతి నేను హాయిగా మరిచిపోయాను.

తర్వాతి పూట ఫోన్ దగ్గర బాస్ ఉంది. ఎవరో నత్త అడిగారు. ఏ నత్త అని ఆవిడ అరల దగ్గరికి వెళ్లి చూసింది. నన్ను పిలిచేటప్పటికి బల్ల మీద బొట్టు పెట్టుకున్న డబ్బాలు ఇరవై దాకా వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇది ఏమిటి?"

చెప్పాను. సగం చెప్పాను. పని కోసం పెట్టుకున్న గుర్తులు, తీయడం మరిచిపోయాను అన్నాను.

"ఒక లైబ్రరీలో ఒకే పద్ధతి ఉంటుంది" అంది. గొంతు పెంచలేదు, అదే భయపెట్టింది. "రెండుంటే అది లైబ్రరీ కాదు, సామాన్ల గది. అన్నీ తీసేయండి. రిపోర్టు రాసేటప్పుడు ఇది కూడా నా ముందు ఉంటుంది."

ఆ మాట నిజమే. వరంగల్‌లో అటెండర్లతో నేను వందసార్లు అన్న మాటే. అందుకే ఇంకా ఎక్కువ మంట. ఒక పెట్టెడు డబ్బాలు మోసుకుని ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను.

"వెనకదిక్కు పెట్టుండ్రి అని చెప్పిన గదా! మీ బొట్ల మూలంగ నా నౌకరి పోయేటట్టున్నది."

ఆవిడ చేతిలో కంచం కింద పెట్టి లోపలికి వెళ్లింది. స్టిక్కర్లు వెనక అతికించినా ఇదే జరిగేదని, పీకాల్సినది నేనని, చెప్పాల్సినది నేనని నాకు తెలియక కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎవరో ఒకరిని అనాలి, ఎదురుగా ఆవిడ దొరికింది.

మర్నాడు గోరుతో స్టిక్కర్లు గీకుతూ కూర్చున్నాను. సగం ఊడి, సగం జిగురు మిగిలి, డబ్బాలు గజ్జి పట్టినట్టు తయారయ్యాయి. అత్తమ్మ కొబ్బరినూనె సీసా, దూది పట్టుకుని వచ్చి కూర్చుంది.

"గట్ల గీకితే గీతలు పడ్తయి. జర ఇటియ్యి."

నూనె అద్ది ఒక నిమిషం ఆగి తుడిస్తే జిగురు జిగురంతా వచ్చేసింది. ఇద్దరం పది డబ్బాలు తుడిచాం.

"తప్పు నాది అత్తమ్మా" అన్నాను చివరికి. "మీ మీద ఒర్రుడు గూడ తప్పే."

"ఎరుకనే బిడ్డా" అంది డబ్బా వంక చూస్తూనే. "నౌకరి భయం గట్లనే మాట్లాడిపిస్తది. మీ మామ గూడ గంతే ఉండె."

వచ్చిన డబ్బా వచ్చినట్టు తుడిచి పంపడానికి నెల పట్టింది. లైబ్రరీలో గేముల అర దగ్గర మాత్రం కొన్నాళ్లు తలంటు పోసుకున్న ఇంటి వాసన వచ్చింది. అందరికీ మాస్కులుండబట్టి బతికిపోయాను.

జూన్ ఆఖరు వారంలో నా రిపోర్టు గురించి మాట్లాడే రోజు వచ్చింది. లోపల ఇద్దరు కూర్చోవడానికి లేదని బాస్ రెండు కుర్చీలు పెరట్లో దూరం దూరంగా వేయించింది. ఒళ్లో ఫోన్ నోట్సు పుస్తకం. కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"నత్త. నత్త. మీసాలు. నత్త. మెడ వంచిన బాతు. మళ్లీ నత్త." పుస్తకం మూసింది. "గుర్తులు తీసేయమని చెప్పి నెలయింది. ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆ ఇద్దరు పిల్లల తండ్రికి పట్టిక చూసి నేనే ఇచ్చాను. ఆయన తీసుకెళ్లిన బేకరీ గేము పట్టికలో సిమ్యులేషన్ కింద ఉంది కాబట్టి విమానం నడిపే సిమ్యులేషన్ ఇచ్చాను. మర్నాడే తెచ్చి ఇచ్చేశాడు. మన పట్టికలో అవి రెండూ ఒకటే. ఆయనకి కాదు. ఎందుకు?"

పెరట్లో గులకరాళ్లు పరిచి ఉన్నాయి. నేను వంగి రెండు వరసల్లో ఏడేసి గుంటలు చేశాను. ఒక గుంటలో రాళ్లు తీసి, ఒక్కొక్కటే పంచుకుంటూ పోయి, ఖాళీ గుంట పక్కది ఎలా గెలుచుకుంటామో చూపించాను. విమానంలో పంచేదేముంది, కూడబెట్టేదేముంది అన్నాను. తర్వాత చెప్పు కొనతో తొక్కుడుబిళ్ల గళ్లు గీశాను.

"ఇది మాకూ ఉంది" అంది బాస్. లేచి, అటూ ఇటూ చూసి, పావడా పట్టుకుని ఒంటికాలి మీద మూడు గళ్లు గెంతింది. ఆయాసపడుతూ కూర్చుని అడిగింది, "చాలా ఆలోచించి చేసిన పని. ఇది మీరు అక్కడ చదువులో నేర్చుకున్న పద్ధతా, మీ సొంతమా?"

ఒక్క 'అవును' చాలు. రెండింటిలో దేనికి 'అవును' అన్నా నమ్ముతుంది. రిపోర్టు ఆవిడ ఒళ్లో ఉంది, కింద సంతకం గడి ఖాళీగా ఉంది. అత్తమ్మకు జర్మన్ రాదు, ఈవిడకు తెలుగు రాదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని నవ్వుతారు కానీ, కోడలు చేసినా ఆ సొమ్ము అత్తదే కదా. ఏడేళ్లు ఆవిడతో 'తిన్న అత్తమ్మా' అని తప్ప ఏమీ అననిదాన్ని, ఇప్పుడు ఆవిడ బుర్రలోనిది తీసి నాదని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

"రెండూ కాదు" అన్నాను. "మా అత్తగారిది. గేములు ఆడింది ఆవిడ, విడదీసింది ఆవిడ. నేను జాబితాలో ఎక్కించాను. నాకు గేములు ఆడటం రాదు. ఎప్పుడూ రాదు."

బాస్ కళ్లద్దాలు తీసింది. "రాదని నాకు జనవరిలోనే తెలుసు. మీరు డిస్కును తలకిందులుగా పెట్టి మిషన్ పాడైందని నాకు చెప్పారు." తర్వాత రిపోర్టు మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. "ఎవరి పనికి వాళ్ల పేరు రాయడం మన ఉద్యోగంలో సగం. మిగతా సగం పట్టుదలగా నేర్పిస్తాను. జూలైలో మీ మొదటి పని చెప్తున్నాను. ఈ ఎనిమిది రకాలనూ జర్మన్‌లో రాయండి. ఫోన్ దగ్గర ఉంచుదాం. పట్టిక పట్టికే, అది మారదు. కానీ ఇది కూడా కేటలాగులో ఉండాలి, రచయిత పేరుతో."

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ముందు తిట్టింది. "నా పేరెందుకు తీసినవే? వాళ్లు నిన్ను తీసేస్తే ఏం చేద్దువు? నీదని చెప్తే నాదేం పోతుండె?" సంతకం పడ్డ కాగితం చూపించాక ఊరుకుని, బియ్యప్పిండి కలిపి సర్వపిండి చేసింది. ఆ సాయంత్రం ఒక ఫారం దొరికితే బాగుండు, 'వృత్తి' గడి నింపుదును అని నేను ఇల్లంతా తిరిగాను.

జూలైలో విమానం టికెట్ దొరికింది. వెళ్లే ముందు అత్తమ్మను లైబ్రరీకి తీసుకెళ్లాను. మాస్కు పెట్టుకుని, చేతులు తుడుచుకుని, నా బల్ల దగ్గర కూర్చుంది. తెర మీద కేటలాగు తెరిచి చూపించాను. ఎనిమిది రకాలు, పన్నెండు పేజీలు, రచయిత. ఇక్కడి కేటలాగులోనూ మన పద్ధతే, ఇంటిపేరు ముందు వస్తుంది. చదివి వినిపించాను.

"ఎవరి ఇంటిపేరది?" అంది.

"మీదే అత్తమ్మా. మనదే."

ఆవిడ తెర మీది పేరు మీద వేలు పెట్టింది. "మనది గాదు, మీ మామది" అంది. "ఓమనగుంటలు మా అమ్మ నేర్పింది. తొక్కుడుబిళ్ల మా వాకిట్ల ఆడిన. పద్నాలుగేండ్లకు లగ్గం చేసిన్రు. ఆనాటిసంది మొన్న నీ సోఫా మీద కూసునేదాంక నేను ఒక్క ఆట ఆడలే బిడ్డా. ఒక్కటి గూడ. ఆడేటప్పుడు నాకున్న పేరు పెట్టు."

నాకు నాలుగేళ్లకే ఒళ్లు మండింది. ఆవిడ దగ్గర లెక్క అడగడానికి కూడా ధైర్యం చాలలేదు. లేచి వెళ్లి బాస్‌ను అడిగాను. పుట్టింటి పేరు పెట్టవచ్చా అంటే, "రాసింది ఆవిడ. ఏ పేరుతో రాశానని ఆవిడ అంటే అదే పేరు" అంది.

తిరిగొచ్చి కూర్చుని, ఉన్నది చెరిపేశాను.

"చెప్పండి అత్తమ్మా" అన్నాను. "మీ ఇంటిపేరేంది?"

ఏడేళ్లలో ఆ మాట నేను అడగడం అదే మొదటిసారి. ఆవిడ మాస్కు కిందికి లాగి, నాకు సరిగ్గా వినపడేలా చెప్పింది.